రక్తం పడుకోబెట్టి తీశారా, నిలబెట్టి తీశారా? ఆ ఒక్క ముక్క రిపోర్టులో రాయండి

రక్తపరీక్షా కేంద్రాల నిర్వాహకులకు, నాడీ వైద్యులకు, గుండె వైద్యులకు, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థల అధికారులకు,

నమస్కారం. నేను డాక్టర్ని కాను, ల్యాబ్ టెక్నీషియన్ని కూడా కాను. నిలబడితే గుండెదడతో కూలబడిపోయే ఒక అమ్మాయికి అన్నయ్యని. ఇప్పుడు రాస్తున్న సంగతే పోయినేడాది ఒక ల్యాబుకి రెండుసార్లు, ఆమెకి రక్తపరీక్ష రాసిన ఆసుపత్రికి ఒకసారి రాశాను. ల్యాబు నుంచి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మెసేజ్ వచ్చింది. ఆసుపత్రి నుంచి అది కూడా రాలేదు. అందుకే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరి పేరూ పెట్టడం లేదు, ఎందుకంటే ఒకరిద్దరిని తిడితే తీరిపోయే సమస్య కాదిది, ఇదే జబ్బుతో తిరుగుతున్న మిగతా కుటుంబాల వాళ్లని కదిపితే వాళ్లూ ఇంచుమించు ఇదే చెప్పారు.

ముందు మాకేం జరిగిందో చెప్తాను.

చెల్లికి ఇరవై రెండేళ్లు. ఒక వైరల్ జ్వరం తగ్గాక మొదలైంది. పడుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. లేచి నిలబడగానే గుండె గబగబా కొట్టుకోవడం, చేతులు వణకడం, కళ్లు బైర్లు కమ్మడం, ముచ్చెమటలు. స్నానానికి వెళ్తే గోడ పట్టుకుని నిలబడేది, తర్వాత బాత్రూంలో స్టూలు వేశాం. నెలలు గడిచినా తగ్గకపోతే ఒక డాక్టరుగారు కాటెకొలమైన్లు చూద్దామని రక్తపరీక్ష రాశారు. నార్‌ఎపినెఫ్రిన్, ఎపినెఫ్రిన్, డోపమైన్ అనే మూడింటిని కలిపి అలా అంటారు. మొదటి రెండిటినీ నార్‌అడ్రినలిన్, అడ్రినలిన్ అనే పేర్లతో మీలో చాలామంది విని ఉంటారు.

ఆ రోజు ల్యాబులో లిఫ్టు పని చేయడం లేదు. రెండంతస్తులు మెట్లెక్కి, ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుంది. మొదటి సూదికి నరం దొరకలేదు, రెండో చేతికి గుచ్చారు. పొద్దున కాఫీ తాగారా, ఏం మందులు వాడుతున్నారు అని ఎవరూ అడగలేదు. ముక్కు దిబ్బడకి వేసుకున్న మాత్ర సంగతి చెప్పాలని మాకూ తెలియదు. ట్యూబు నిండాక కిటికీ పక్కన టేబుల్ మీద స్టాండులో పెట్టారు. రసీదులో పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి ముప్పావు గంట తర్వాత మళ్లీ పైకి వెళ్లాను. ఆ ట్యూబు ఇంకా అక్కడే ఉంది, చెల్లి పేరు రాసిన స్టిక్కరు నావైపే ఉంది, దాని మీద ఎండ పడుతోంది.

రిపోర్టు వచ్చింది. నార్‌ఎపినెఫ్రిన్ మిల్లీలీటరుకి 760 పికోగ్రాములు, పక్కన పైకి చూపించే బాణం గుర్తు. అది చూసి ఇంకో డాక్టరుగారు మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో, కాటెకొలమైన్లు తయారుచేసే గడ్డ ఉందేమో అన్నారు. ఫియోక్రోమోసైటోమా అనే ఆ గడ్డ పేరు ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ఫోన్లలో వెతికి చదివారు. అమ్మ మూడు వారాలు సరిగా నిద్రపోలేదు. స్కాన్‌లో గడ్డ లేదు. మళ్లీ రక్తం తీయించమన్నారు, వేరే చోట తీయించాం, అక్కడ మంచం మీద పడుకోబెట్టి తీశారు, 290 వచ్చింది. అంతా నార్మలే, టెన్షన్ తగ్గించుకోమ్మా అని నిద్రమాత్రలు రాసి పంపించేశారు.

రెండు రిపోర్టుల్లోనూ ఆమె ఎలా ఉండగా రక్తం తీశారన్నది ఎక్కడా లేదు. నా ఫిర్యాదు అదే.

ఈ పరీక్ష గురించి నేను చదివి, అడిగి తెలుసుకున్నది కొంచెం చెప్పాలి, లేకపోతే నేను ఇంత పట్టుబట్టడం ఎందుకో అర్థం కాదు. డాక్టర్లకి తెలిసిందే, మిగతా వాళ్ల కోసం.

మనం నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. గుండెకి తిరిగి వచ్చేది తగ్గుతుంది. మెడలోనూ ఛాతీలోనూ ఉన్న పెద్ద రక్తనాళాల గోడలు ఆ తేడాని కనిపెట్టి మెదడుకి కబురు పంపిస్తాయి, మెదడు సింపథెటిక్ నరాలకి, అంటే గుండెనీ రక్తనాళాలనీ మన ప్రమేయం లేకుండా నడిపే నరాలకి, చెప్తుంది, ఆ నరాల కొసల నుంచి నార్‌ఎపినెఫ్రిన్ విడుదలై రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా మనకి తెలియకుండానే కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ఈ నరాలు వాడే రసాయనం నార్‌ఎపినెఫ్రినే అని 1946లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్ తేల్చారు. పని అయ్యాక అందులో ఎక్కువ భాగాన్ని నరం మళ్లీ లోపలికి పీల్చేసుకుంటుందని జూలియస్ ఆక్సెల్‌రాడ్ చూపించారు. 1970లో ఆ ఇద్దరికీ, బెర్నార్డ్ కాట్జ్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు.

అంటే రక్తంలో మనం కొలిచేది, నరం వాడుకుని వెనక్కి తీసుకోగా బయటికి కారిపోయిన కొద్దిపాటి మిగులు మాత్రమే. అది కూడా రక్తంలో నిలిచేది కాదు, సుమారు రెండు నిమిషాల్లో సగానికి పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పడుకుని లేచి ఐదు నిమిషాలు నిలబడితే ఇది దాదాపు రెట్టింపు అవుతుంది. ఏ జబ్బూ లేకుండానే రెట్టింపు. అలాంటప్పుడు భంగిమ రాయకుండా ఒక్క అంకె రాసి, పక్కన ఒక్క నార్మల్ రేంజి వేసి, బాణం గుర్తు పెట్టి ఇస్తే దాన్ని ఏమని చదవాలి?

దీనివల్ల మామూలు జనం ఎలా నలిగిపోతున్నారో వరసగా రాస్తున్నాను.

1. లేని గడ్డ కోసం వెతుకులాట. నడిచొచ్చి, మెట్లెక్కి, సూదికి భయపడి, రెండుసార్లు గుచ్చించుకుని, కుర్చీలో కూర్చున్న మనిషి రక్తంలో నార్‌ఎపినెఫ్రిన్ ఎక్కువ ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి. నిజంగా గడ్డ అనుమానం ఉంటే చేయాల్సింది రక్తంలో ఫ్రీ మెటానెఫ్రిన్స్ పరీక్ష (కాటెకొలమైన్లు ఒంట్లో మారి తయారయ్యేవే మెటానెఫ్రిన్స్), లేదా మూత్రంలో మెటానెఫ్రిన్స్. రక్తం అయితే దానికి కూడా కనీసం అరగంట పడుకోబెట్టి తీయాలనే చెప్తారు, కూర్చోబెట్టి తీస్తే తప్పుడు అనుమానాలు పెరుగుతాయి. మా విషయంలో ఇవేవీ జరగలేదు, నేరుగా స్కాన్‌కి పంపించారు.

2. దీనికి తిరగేసింది, ఇంకా బాధాకరమైంది. పడుకోబెట్టి ఒక్కసారి మాత్రమే తీసి, నార్మల్ అని, నీకేమీ లేదని పంపించేయడం. పాట్స్ (POTS) అని పిలిచే జబ్బులో లక్షణమంతా నిలబడినప్పుడే ఉంటుంది. నిలబడ్డ పది నిమిషాల్లో బీపీ పెద్దగా పడకుండానే పల్స్ పెద్దవాళ్లలో 30 కానీ అంతకన్నా ఎక్కువ కానీ పెరగాలి, 12 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 40 పెరగాలి, ఈ ఇబ్బంది కొన్ని నెలలుగా ఉండాలి. పాట్స్ అనే ఈ పేరు 1993 నుంచీ వైద్య పత్రికల్లో ఉంది, నిన్నా మొన్నా పుట్టింది కాదు. వీళ్లలో కొందరికి నిలబడినప్పుడు నార్‌ఎపినెఫ్రిన్ 600 పికోగ్రాములు దాటుతుంది, బీపీ పైఅంకె పది లేదా అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది, దీన్ని హైపర్‌అడ్రినర్జిక్ రకం అంటారు. చెల్లిది ఇదే అని చివరికి తేలింది. నిలబెట్టి రక్తం తీయకపోతే ఇది కనబడే దారే లేదు. "నీ మనసులోనే ఉంది" అని ఒక్కసారి అనిపించుకున్న మనిషిని తర్వాత ఇంట్లో వాళ్లు కూడా అలాగే చూడటం మొదలుపెడతారు. మేమూ చూశాం. లేచి నడవవే, ఎంతసేపు పడుకుంటావు అని నేనే అన్నాను, ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

3. పెద్ద వయసు వాళ్ల సంగతి వేరు. వాళ్లకి నిలబడితే బీపీ పడిపోతుంది. మూడు నిమిషాల్లో పైఅంకె 20 కానీ కిందఅంకె 10 కానీ తగ్గితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. పొద్దున లేచి బాత్రూంకి వెళ్తూ పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునే వాళ్లలో ఇలాంటి వాళ్లు కూడా ఉంటారు. వీళ్లలో లోపం ఎక్కడుందో చెప్పడానికి ఈ పరీక్ష సాయపడుతుంది. ప్యూర్ అటానమిక్ ఫెయిల్యూర్ అనే జబ్బు‌లో రక్తనాళాల దాకా వెళ్లే చివరి నరాలే దెబ్బతింటాయి కాబట్టి పడుకున్నప్పుడే నార్‌ఎపినెఫ్రిన్ బాగా తక్కువ ఉంటుంది, తరచూ 100 కంటే తక్కువ. మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ అనే ఇంకో జబ్బులో చివరి నరాలు చాలావరకు బాగానే ఉంటాయి, వాటికి ఆదేశం ఇచ్చే మెదడులోని భాగం పాడవుతుంది, అందుకని పడుకున్నప్పుడు అంకె ఇంచుమించు మామూలుగానే ఉంటుంది, నిలబడితే పెరగాల్సినంత పెరగదు. ఈ తేడాతో ఏ మందు పనిచేసే అవకాశం ఎక్కువో కొంత ఊహించవచ్చు. నరాల కొసల్లో సరుకు ఉంటే దాన్ని వెనక్కి పీల్చకుండా ఆపే అటోమాక్సెటిన్ లాంటిది బీపీని పైకి తెస్తుంది, సరుకే లేనప్పుడు ఆపి లాభమేంటి? అన్నిటికన్నా ముఖ్యం, ఈ రెండు జబ్బుల నడక వేరు. ఒకటి సాధారణంగా ఏళ్ల తరబడి నిదానంగా నడుస్తుంది, రెండోది త్వరగా ముదిరి మనిషిని మంచాన పడేస్తుంది. ఏది ఉందో ముందే తెలిస్తే ఆ ఇంటివాళ్లు ఉద్యోగం గురించి, డబ్బు గురించి, చూసుకునే మనిషి గురించి ఆలోచించుకుంటారు. ఒక్క పరీక్షతో ఇది తేలిపోతుందని నేను అనడం లేదు, అంకెలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి, మిగతా పరీక్షలూ కావాలి. కానీ చేసే ఒక్క పరీక్షనీ సరిగ్గా చేయాలి కదా.

4. పిల్లల విషయం. చాలా అరుదైన ఒక జన్యులోపం ఉంది. డోపమైన్‌ని నార్‌ఎపినెఫ్రిన్‌గా మార్చే ఎంజైమ్, దాని పేరు డోపమైన్ బీటా హైడ్రాక్సిలేజ్, పుట్టుకతోనే ఉండదు. 1986, 1987ల్లో మొదటిసారి వైద్య పత్రికలకెక్కింది. ఆ పిల్లలకి కనురెప్పలు వాలి ఉంటాయి, ఆటల్లో తొందరగా అలసిపోతారు, ఎదిగేకొద్దీ నిలబడితే కళ్లు తిరగడం ఎక్కువవుతుంది, బద్ధకం అని బడిలో మాటలు పడతారు. వాళ్ల రక్తంలో నార్‌ఎపినెఫ్రిన్ దాదాపు కనిపించదు, డోపమైన్ మాత్రం చాలా ఎక్కువ ఉంటుంది. రిపోర్టులో ఆ రెండు వరసలూ పక్కపక్కన చూస్తే చాలు అనుమానం రావడానికి. దీనికి మందు కూడా ఉంది. డ్రాక్సిడోపా, లేని ఎంజైమ్‌ని దాటేసి ఒంట్లో నార్‌ఎపినెఫ్రిన్‌గా మారుతుంది, ఇది జపాన్‌లో 1989 నుంచే వాడుకలో ఉంది, అమెరికాలో 2014లో అనుమతి ఇచ్చారు. డోపమైన్‌ని వదిలేసి మిగతా రెండే కొలిచే ల్యాబులో ఈ పిల్లాడు దొరకడు.

5. ట్యూబు సంగతి. ఈ పదార్థాలు గాలికి, వేడికి పాడవుతాయి. ముందుగా చల్లబరిచిన సరైన ట్యూబులో తీసి, వెంటనే ఐస్‌లో పెట్టి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో రక్తాన్ని గిరగిరా తిప్పి, ప్లాస్మా అనే పైద్రవాన్ని తొందరగా వేరుచేసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఉంచాలి, ఎక్కువ రోజులు దాచాలంటే మైనస్ 70 డిగ్రీలు అంతకన్నా చల్లగా. కిటికీ పక్కన ముప్పావు గంట ఎండలో ఉన్న ట్యూబు నుంచి ఏ అంకె వచ్చినా దాన్ని నమ్మడం ఎలా? ఇది పేదవాడికి ఇంకా భారం, పెద్ద ల్యాబుకి వెళ్లలేక ఏదో ఒక కలెక్షన్ సెంటర్‌లో రక్తం ఇస్తాడు, అక్కడి నుంచి అది బండి మీద ఎంతసేపు తిరిగి వెళ్తుందో ఎవరికి తెలుసు.

6. మందులు. కొన్ని డిప్రెషన్ మందులు, ముక్కు దిబ్బడ మాత్రలు, కాఫీ, సిగరెట్ అంకెని పెంచుతాయి. బీపీకి వాడే క్లోనిడిన్ తగ్గిస్తుంది. పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా డోపమైన్ లెక్కని తారుమారు చేస్తుంది. కొన్ని కొలిచే పద్ధతుల్లో మామూలు పారాసిటమాల్ కూడా అడ్డొస్తుంది. అడిగితే చెప్తాం, అడగాలి కదా. ఇంకో మాట, మందులు ఆపి రండి అని కౌంటర్ దగ్గర అనేయకండి. కొన్ని మందులు ఠక్కున ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, క్లోనిడిన్ అలాంటిదే. ఏది ఆపాలో, ఎన్నాళ్ల ముందు ఆపాలో, ఏది ఆపకూడదో పరీక్ష రాసిన డాక్టరుగారే చీటీ మీద రాయాలి.

ఇవన్నీ అసాధ్యమైన కోరికలు అనుకునే వాళ్ల కోసం మూడో పరీక్ష ఎలా జరిగిందో చెప్తాను. ఊరు కాని ఊరు వెళ్లాం. అక్కడ టెక్నీషియన్‌గా పనిచేసే ఒకావిడ చెల్లి చేతికి ముందే కాన్యులా, అంటే నరంలో ఉంచే సన్న గొట్టం, పెట్టి, లైటు తగ్గించి, ఇప్పుడు ఏమీ మాట్లాడొద్దమ్మా, కళ్లు మూసుకో అని చెప్పి అరగంట పడుకోనిచ్చారు. సూది నొప్పి, భయం అన్నీ ఆ అరగంటలో సద్దుమణుగుతాయట. తర్వాత చెల్లికి తెలియకుండానే కాన్యులా నుంచి రక్తం తీశారు, ట్యూబు నేరుగా ఐస్ డబ్బాలోకి వెళ్లింది. అప్పుడు లేపి నిలబెట్టారు, పడిపోకుండా నన్ను పక్కన నిలబడమన్నారు, నిమిషానికోసారి పల్స్, బీపీ రాసుకున్నారు. పడుకున్నప్పుడు 72 ఉన్న పల్స్ 118కి వెళ్లింది. బీపీ పైఅంకె 112 నుంచి 126కి పెరిగింది. చెల్లి పెదవులు పాలిపోయాయి, ఇంకో రెండు నిమిషాలు తల్లీ అంటూనే ఉన్నారావిడ. పదో నిమిషంలో రెండో ట్యూబు. పడుకున్నప్పుడు 310, నిలబడ్డాక 870.

అంటే మొదటి రిపోర్టులోని 760లో నిజం కొంత ఉండే ఉంటుంది. మెట్లెక్కి వచ్చి కూర్చున్న చెల్లి ఒంట్లో జరిగేదే కొంత అందులో కనబడి ఉంటుంది. 290 కూడా నిజమే అయ్యుంటుంది. రెండిటి పక్కనా భంగిమ రాసి ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూసిన ఏ డాక్టరుగారికైనా అప్పుడే అనుమానం వచ్చేది. ఏడాది పోయింది. ఆ ఏడాదిలో చెల్లి చదువు ఆగిపోయింది.

మేం అడుగుతున్నవి ఇవి.

1. కాటెకొలమైన్ల రిపోర్టు మీద భంగిమ, ఆ భంగిమలో ఎంతసేపు ఉన్నారో, రక్తం తీసిన సమయం తప్పనిసరిగా అచ్చు కావాలి. పడుకున్నప్పటి రేంజి, నిలబడ్డప్పటి రేంజి వేరువేరుగా ఇవ్వాలి. ఇది ఒక్కటి చేసినా సగం కష్టం తీరుతుంది.

2. అటానమిక్ జబ్బు, అంటే గుండెనీ బీపీనీ మన ప్రమేయం లేకుండా నడిపే నరాల జబ్బు, అనుమానంతో రాసినప్పుడు పడుకుని ఒకటి, నిలబడి ఒకటి, రెండు శాంపిళ్లూ కలిపి ఒకే పరీక్షగా రాయండి. రెండిటి పక్కనా పల్స్, బీపీ ఉండాలి. నిలబడలేని వాళ్లకి టిల్ట్ టేబుల్, అంటే మనిషిని కట్టి నిటారుగా లేపే బల్ల, ఉన్న చోట దాని మీద చేస్తూ రక్తం తీయవచ్చు.

3. మంచం, ఐస్, చల్లని సెంట్రిఫ్యూజ్ లేని కేంద్రం ఈ పరీక్ష ఒప్పుకోకూడదు. మా దగ్గర కుదరదు, ఫలానా చోటికి వెళ్లండి అని చెప్తే మేం కోప్పడం. గుర్తింపు ఇచ్చే అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు మెషీన్‌తో పాటు రక్తం తీసే గది కూడా చూడాలి.

4. మందుల జాబితా, చివరిసారి కాఫీ, సిగరెట్ ఎప్పుడు అన్నది ఫారంలో అడగాలి, ఆ వివరం రిపోర్టు దాకా రావాలి.

5. పికోగ్రాముల్లో ఇస్తారా నానోమోల్స్‌లో ఇస్తారా అన్నది పెద్ద అక్షరాల్లో రాయండి. నార్‌ఎపినెఫ్రిన్‌కి లీటరుకి ఒక నానోమోల్ అంటే లీటరుకి దాదాపు 169 నానోగ్రాములు, మిల్లీలీటరుకి 169 పికోగ్రాములు. రెండు ల్యాబుల రిపోర్టులు పోల్చుకునేటప్పుడు లీటరుకి 3.5 నానోమోల్స్‌కీ మిల్లీలీటరుకి 600 పికోగ్రాములకీ పెద్దగా తేడా లేదని తెలియక భయపడ్డ వాళ్లున్నారు.

6. డాక్టర్లకి ఒక విన్నపం. ఈ పరీక్ష అందరికీ రాయమని అడగడం లేదు, చాలామందికి అవసరం లేదు కూడా. ముందు మీ గదిలోనే ఐదు నిమిషాలు పడుకోబెట్టి, పది నిమిషాలు నిలబెట్టి పల్స్, బీపీ చూడండి. దానికి మెషీన్లు అక్కర్లేదు. మొదటి రోజే అది చేసి ఉంటే చెల్లికి స్కాన్ పడేది కాదు. అది చేయకుండా టెన్షన్ అనే మాట మాత్రం అనకండి.

చెల్లి ఇప్పుడు మందులు వాడుతోంది, కొంచెం నయం, ఇంట్లో పదిహేను నిమిషాలు నిలబడి పని చేయగలుగుతోంది. ఆ మూడో పరీక్ష చేసినావిడ పడుకున్న సమయం, నిలబడ్డ సమయం ఫారం అంచున పెన్నుతో రాశారు, ఎందుకంటే ఆ ఫారంలో దానికి గడి లేదు. టైపు చేసిన రిపోర్టులో ఆ రెండు ముక్కలు లేవు, 'శాంపిల్ 1, శాంపిల్ 2' అని ఉంది అంతే. అదృష్టం కొద్దీ ఆ ఫారంని నేను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచాను. కొత్త డాక్టరుగారి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ రిపోర్టుతో పాటు ఆ ఫొటో కూడా చూపిస్తున్నాం. ఆ గడి మీ ఫారంలో ఎప్పుడు పెడతారో చెప్పండి.

ఇట్లు,
ఒక పేషెంటు అన్నయ్య